వణుకు తగ్గిందట

మా వదినకు చలి అంటే ఏమిటో తెలియదు. ఈ మాటంటే నాతో పోట్లాటకు వస్తుంది గానీ, ఉన్నమాటంటే ఉలుకెక్కువ. మా ఊళ్ళో ఏడాది పొడుగునా చెమటలే. అలాంటి మనిషి రోజూ చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఎక్కడో మంచు కురిసే దేశంలో హీటర్లు పాడైనవాళ్ళ గోడు వింటుంది. ఆఫీసులో ఆమెను అందరూ హీటరమ్మ అంటారు. పక్క కుర్చీ నాది. ఇంట్లో సగంలో ఆగిన వాదనలన్నీ అక్కడ పూర్తి చేసుకుంటాం.

మా పని చిన్నదే. ఫోన్ చేసినవాళ్ళ మాటను బట్టి వాళ్ళ ఇల్లు ఎంత చల్లగా ఉందో తేల్చి, మెకానిక్ ఎప్పుడు వెళ్ళాలో రాయాలి. మెకానిక్కులు తక్కువ, ఫోన్లు ఎక్కువ. అందుకని ట్రైనింగ్ ఇచ్చిన సారు ఇంగ్లీషు మాటలకు మెట్లు కట్టాడు. చిల్లీ అంటే ఒళ్ళు జిల్లుమనడం, తొందర లేదు. నిప్పీ అంటే చలి చిన్నగా గిల్లినట్టు, అదీ అంతే. కోల్డ్ అంటే నిజంగా చలే, రేపు పంపాలి. ఫ్రీజింగ్ అంటే గడ్డకట్టే చలి, బిట్టర్ అంటే ఎముకలు కొరికే చలి. ఈ రెండూ వింటే అప్పటికప్పుడు మనిషి బయలుదేరాలి.

"మనకి చలి అంటే చలే కదా సార్, వాళ్ళకెందుకు ఇన్ని మాటలు?" అని అడిగాను.

"ఎండ, ఉక్క, సెగ, వడగాలి... మీకెందుకమ్మా ఇన్ని?" అన్నాడాయన.

వదిన విని ఊరుకునే రకం కాదు. ఇంట్లో బకెట్ నీళ్ళలో ఐసుముక్కలు పోసి చేయి ముంచేది. "అమ్మాయ్, నువ్వూ పెట్టి చూడు. ఇది చిల్లీనా, కోల్డా?" అని నా ప్రాణం తీసేది. ఫ్రీజింగ్ సంగతి తేల్చుకుందామని ఫ్రిజ్ పైఅరలో చేయి పెట్టుకుని నిలబడితే వేళ్ళు మొద్దుబారి, ఆ పూట గిన్నెలన్నీ నేనే తోమాను. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది నీ వరస" అని మా అన్నయ్య నవ్వాడు. వాడు నవ్వడానికేం, గిన్నెలు తోమలేదుగా.

ఆ రోజు మాకు మధ్యాహ్నం, వాళ్ళకు అప్పుడే తెల్లవారుతోంది. వదినకు ఒక ముసలావిడ ఫోన్ చేసింది. ఆవిడన్న మాటలు వదిన తర్వాత ఎన్నిసార్లు చెప్పిందో, నాకూ కంఠతా వచ్చేశాయి.

"హీటరు నిన్నటి నుంచి పనిచేయట్లేదమ్మా. ఇల్లు కాస్త నిప్పీగా ఉంది, అంతే. నా కోసం ఎవరూ పరిగెత్తుకుంటూ రానక్కర్లేదు. రాత్రంతా వణికాను గానీ, ఇప్పుడు వణుకు కూడా తగ్గింది. నిద్ర ముంచుకొస్తోంది. కోటు వేసుకుని పడుకుంటాను."

"హాయిగా పడుకోండమ్మా" అంది వదిన, సొంత తల్లితో మాట్లాడినట్టు. ఎల్లుండికి మెకానిక్‌ని రాసింది.

ఆ వెంటనే ఇంకొకడు ఫ్రీజింగ్ ఫ్రీజింగ్ అని చెవులు చిల్లులు పడేలా అరిచాడు. తీరా చూస్తే వాడింట్లో చల్లబడింది వంటగది ఒక్కటే. అయినా మెట్ల ప్రకారం వాడికే ముందు. వాడి అడ్రసు కోసం అక్కడి పెద్ద మెకానిక్ ఫోన్ చేశాడు. ముప్ఫై చలికాలాలు చూసిన మనిషి, వదినతో కాస్త చనువు కూడా.

"ఇవాళ అందరూ అరిచేవాళ్ళే" అని వదిన ఆయనతో వాపోయింది. "ఇందాక ఒక పెద్దావిడ మాత్రం ఎంత ఓర్పుగా మాట్లాడిందో. పాపం, ఆవిడకి వణుకు తగ్గిందట."

ఆయన వెంటనే ఆరా తీశాడట. "ఇల్లు వెచ్చబడకుండానే తగ్గిందా?"

"అవును."

"నిద్ర వస్తోందని గానీ అందా?"

"అంది. పడుకోమన్నాను."

"అమ్మాయ్, వణుకుతున్నంతసేపు ఒళ్ళు చలితో పోట్లాడుతున్నట్టు. ఇల్లు వెచ్చబడకుండా వణుకు ఆగిందంటే ఒళ్ళు ఓడిపోతున్నట్టు. అడ్రసు చెప్పు, నేను దగ్గర్లోనే ఉన్నా. అంబులెన్స్‌కి మీరు చెప్పండి."

వదిన మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. ఆమె హెడ్‌ఫోన్ లాక్కుని, తెర మీదున్న అడ్రసు నేనే చదివాను. మేనేజరు అక్కడి అంబులెన్స్‌కు ఫోన్ కలిపాడు.

మాకు వణుకు తెలిసింది జ్వరంలోనే. చలిజ్వరం వచ్చిన పిల్లల మీద దుప్పటి మీద దుప్పటి కప్పి, వణుకు తగ్గగానే హమ్మయ్య అనుకునే ఇళ్ళు మావి. ఆపైన నిద్ర పట్టిందంటే గండం గడిచినట్టే. వదిన తన కొడుకు మంచం పక్కన కూర్చుని నేర్చుకున్న విద్యే ఆవిడకూ చెప్పింది. ఆ ఫోన్ నాకు వచ్చి ఉంటే నేనూ పడుకోమనేదాన్నే.

వదిన ఆవిడ నంబరుకు ఫోన్ చేసింది. మోగింది గానీ ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేసింది. అవతల మోగుతూనే ఉంది.

"మిగతా ఫోన్లు ఆగిపోతున్నాయి, చూసుకోండి" అన్నాడు మేనేజరు.

"ఆ ఫోన్లన్నీ నాకు తిప్పండి సార్. మా వదినను మాత్రం కదిలించారంటే నేనూరుకోను" అన్నాను. నా నోరు ఆఫీసంతా ఎరిగినదే. తిప్పాడు.

ఒక ఫోన్‌కీ ఇంకో ఫోన్‌కీ మధ్య వదిన వైపు చూసేదాన్ని. "నేనే పడుకోమన్నాను, అమ్మాయ్. హాయిగా పడుకోమన్నాను" అని అదే మాట. మా నోటిమాట ఒక ప్రాణం తీయగలదని ఆ పూటే తెలిసింది. నాకు భయమేసింది, ఏడుపూ వచ్చింది.

చివరికి పెద్ద మెకానిక్ ఫోన్ చేశాడు. తలుపు పగలగొట్టారట. ఆవిడ కోటు వేసుకుని మంచం మీద ముడుచుకుని ఉందట. పిలిస్తే పలకలేదు గానీ ఊపిరి ఉంది, ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

"బతుకుతుందా?" అంది వదిన.

"తెలీదమ్మా" అన్నాడాయన.

తర్వాత ఏ కబురూ లేదు. వదిన ఇంట్లో బకెట్ ముట్టుకోలేదు, అన్నం సరిగా తినలేదు. మెట్ల సంగతి మాత్రం పూర్తిగా మానేసింది. చిల్లీ అన్నా, బిట్టర్ అన్నా, ముందు "మీరు వణుకుతున్నారా?" అనే అడిగేది. ఇదేం ప్రశ్న అని కొందరు విసుక్కునేవాళ్ళు.

ఒకరోజు ఫోన్ ఎత్తిన వదిన ఉన్నపళాన లేచి నిలబడింది. నా భుజం గట్టిగా పట్టుకుంది. ఆ గొంతు ఆవిడదే.

"ఇవాళే ఇంటికొచ్చానమ్మా. హీటరు బాగుచేశారు, ఇప్పుడే వేశాను. మీకు చెబుదామని చేశాను."

"ఇల్లెలా ఉందమ్మా?"

"కాస్త నిప్పీగా ఉంది, అంతే."

వదిన వేళ్ళు నా భుజంలోకి దిగాయి. "వణుకుతున్నారా?"

"ఆ, కొంచెం వణుకుతున్నాను."

వదిన కుర్చీలో కూలబడింది. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. "వణకండమ్మా" అంది. "ఇల్లు వెచ్చబడేదాకా అలాగే వణుకుతూ ఉండండి. పడుకోకండి. నాతో మాట్లాడుతూ ఉండండి."

ఆవిడ మాట్లాడుతూనే ఉంది. వదిన ఫోన్లు నేను తీసుకున్నాను.