రాళ్ల కింద పెట్టి వెళ్లిన గాలిగొడుగు

నా చిన్నప్పుడు వానాకాలం వస్తే మా ఇంట్లో మనుషులకంటే ముందు ఒక మూటకు చోటు చూసేవాళ్లు. పెంకుల సందుల్లోంచి ఇల్లంతా కురుస్తున్నా సరే, మా తాత ఆ మూటను పొడిగా ఉన్న మూలకు జరిపి, పైన జంపఖానా కప్పి, ఆ తర్వాతే మా పక్కల సంగతి ఆలోచించేవాడు. అందులో ఏముందో మాకు తెలుసు. యుద్ధకాలంలో విమానంలోంచి దూకిన ఒక మనిషి పారాచూట్. మా తాత దాన్ని గాలిగొడుగు అనేవాడు. తెలుసన్న మాటే గానీ విప్పి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఏటా దసరా ముందు, ఎండ బాగా కాసే రోజు చూసుకుని తాతా నాయినా దాన్ని కోటలోకి తీసుకెళ్లి ఆరబెట్టుకొచ్చేవాళ్లు. పిల్లల్ని రానిచ్చేవాళ్లు కాదు.

మాది జంపఖానాలు నేసే ఇల్లు. ఖిలా వరంగల్ కోటకు దగ్గరలోనే ఉండేవాళ్లం. డెబ్బైల చివర్లో, నాకు పదేళ్లు నిండిన ఏడు, వానలు విపరీతంగా పడ్డాయి. మగ్గం గుంటలోకి నీళ్లు ఊరి రోజుల తరబడి పని ఆగిపోయింది. పవర్‌లూముల బట్ట వచ్చి మా నేతకు గిరాకీ తగ్గుతున్న కాలం కూడా అదే. కప్పు బాగు చేయించే దారి లేక మా నాయిన గాలిగొడుగు అమ్ముదామని టెంట్‌హౌస్ నడిపే తెలిసినాయనతో మాట్లాడి వచ్చాడు. ఆ తెల్లటి గుడ్డ పెళ్లి పందిళ్లకు పైకప్పుగా బాగుంటుందని ఆయన ఉత్సాహపడ్డాడట.

ఈ మాట వింటే తాత ఇల్లు పీకి పందిరి వేస్తాడని అమ్మ భయపడింది. తాత మాత్రం నూలు చుట్టే ఆసులో తెగిన పోగు ముడి వేసుకుంటూ, "ఆయన్ను రేపు కోటకు రమ్మను. ఇప్పి చూసినంక అడగమను" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు గూడ రా బిడ్డా. తాడు పట్ట మనుషులు కావాలె" అన్నాడు. 

మర్నాడు ఉదయం నాయిన సైకిల్ మీద మూట పెట్టుకుని ముందు నడుస్తుంటే, వెనకాల నా చెయ్యి పట్టుకుని తాత ఆ కథ చెప్పాడు. అంతకుముందు ముక్కలు ముక్కలుగా విన్నాను గానీ మొదటి నుంచీ వినడం అదే.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్నప్పుడు తాత పడుచువాడు. భుజాన జంపఖానాలు వేసుకుని నర్సంపేట దాటి పాకాల చెరువు పక్క ఊళ్లలో తిరిగి అమ్మేవాడు. ఒక వానాకాలం పొద్దున అడవి బాటలో ఉండగా మబ్బుల్లోంచి బాంబుల విమానం ఒకటి చెట్ల తలలు తాకుతుందేమో అన్నంత కిందికి వచ్చింది. ఒక రెక్క నుంచి పొగ. అది గుట్ట దాటి కనబడకుండా పోయింది. కాసేపటికి కాళ్ల కింద నేల అదిరింది.

మూడో నాటికి లారీల్లో సిపాయిలు వచ్చారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో పాటు తాత కూడా వాళ్లతో వెతకడానికి వెళ్లాడు. గుట్ట మీద విమానం దొరికింది. కాలిన ఇనుము తప్ప అందులో మనిషి ఆనవాలు లేదు. ఉన్నవాళ్లంతా ముందే దూకేశారన్నమాట. ఇక అడవంతా తిరుగుతూ ఆ సిపాయిలు పేర్లు పెట్టి కేకలు వేశారు. ఆ దొరల పేర్లకు తాతకు నోరు తిరగలేదు. కేకలు వేసే సిపాయి చివరికి గొంతు పోయి ఈల వెయ్యడం మొదలుపెట్టాడట. ఒక్కరూ పలకలేదు. వాగులు పొంగి ఉన్నాయి, ఆ అడవిలో అప్పటికింకా పులులున్నాయి. కొన్నాళ్లకు లారీలు వెళ్లిపోయాయి.

వానలు వెలిశాక తాత మళ్లీ ఆ దారిన వెళుతూ నీళ్ల కోసం వాగులోకి దిగాడు. గట్టు మీద తెల్లగా ఏదో కనిపించింది. గుడ్డ. చుట్టలా చుట్టి, తాళ్లు పైన పెట్టి, పైనా చుట్టూ రాళ్లు పేర్చి ఉంది. దగ్గర్లో మనిషి లేడు. తాత ఆ గట్టు మీద కూర్చుని, ఏ భాషలో పిలవాలో తెలియక, "ఓ దొరా" అని పొద్దుగూకే దాకా పిలుస్తూనే ఉన్నాడట. తర్వాత ఆ మూట మోసుకుని మామునూరు దగ్గర విమానాలు దిగే మైదానానికి వెళ్లాడు. సిపాయిల డేరాలు అప్పటికే ఎత్తేశారు. తీసుకునేవాళ్లు లేక ఇంటికి తెచ్చాడు.

కథ అయ్యేసరికి మేము కోటలో రాతి తోరణాల దగ్గరికి చేరాం. టెంట్‌హౌస్ ఆయన మాకంటే ముందే వచ్చి నీడలో నిలబడ్డాడు. తాత మూట విప్పి పరిచాడు. పరుస్తున్నకొద్దీ వస్తూనే ఉంది. మా ఇల్లూ పక్కిల్లూ కలిపి కప్పగలిగేంత గుడ్డ, దాని అంచుల నుంచి సన్నటి తాళ్లు. మా ముగ్గురికీ గుత్తులు గుత్తులుగా తాళ్లు ఇచ్చి, తనూ ఒక గుత్తి పట్టుకుని, "జర నిమ్మలంగ పట్టుకోండ్లి, గాలి వస్తాంది" అన్నాడు.

తోరణం వైపు నుంచి గాలి వచ్చింది. నేల మీద పడి ఉన్న ఆ గుడ్డ ముందు వణికింది, తర్వాత ఊపిరి పీల్చినట్టు లేచింది. చప్పుడు లేకుండా పైకీ పక్కలకీ విచ్చుకుంటూ, ఆ రాతి స్తంభాలు కూడా చిన్నవైపోయేలా గాలి నిండి ఉబ్బింది. ఎండ అందులోంచి వడగట్టినట్టు మా మీద పడింది. నా మడమలు నేల విడిచాయి. అరవాలని కూడా తోచలేదు. ఆకాశమే నా చేతిలోని తాడు పట్టుకుని పిలుస్తున్నట్టు అనిపించింది. నాయిన ఒక చేత్తో నా నడుము పట్టుకుని కిందికి లాగాడు. టెంట్‌హౌస్ ఆయన నోరు తెరుచుకుని పైకే చూస్తున్నాడు.

గాలి తగ్గి గుడ్డ మెల్లగా వాలిపోయింది. తాత తాళ్లన్నీ కలిసే చోటున్న పట్టీలు తీసి ఆయన చేతిలో పెట్టాడు. విమానంలోని మనిషి వాటిని ఒంటికి కట్టుకుంటాడు. ఒక్క పట్టీ తెగలేదు, కోసినట్టూ లేదు. పట్టీలు బిగించే ఇనుప బిళ్లలు చేత్తో ఊడదీసి ఉన్నాయి.

"చూడు బిడ్డా," అన్నాడు తాత ఆయనతో. "కాళ్ల మీద దిగిండు. తన చేతులతోని ఇప్పుకున్నడు. వరదకు కొట్టుకపోకుండ రాళ్లు పెట్టిండు. మళ్ల వస్తననుకున్నోడే అట్ల పెడ్తడు."

నాయిన తల దించుకునే అడిగాడు. "ఇన్నేండ్లాయె నాయినా. ఇంకేడ వస్తడు?"

"వస్తడని నేనంటలేను. సచ్చిపోయిండని నాకెవలన్న చెప్పిండ్లా? నేను చూడంది నా నోటితోని ఎందుకంట? ఆయనకు గూడ తల్లి ఉంటది గద. ఆమె అననియ్యి ఆ మాట, నేననను."

టెంట్‌హౌస్ ఆయన ఆ ఇనుప బిళ్లను వేళ్లతో ఒకసారి మూసి, మళ్లీ తెరిచాడు. "నాకొద్దు కాకా," అన్నాడు. "దీని కింద కూసోని నాకే బువ్వ దిగది, పెండ్లోళ్లను ఎట్ల కూసోవెడ్త?" అని, తనే ముందుగా వంగి గుడ్డ అంచు పట్టుకుని మడత పెట్టించాడు. ఆ వారంలోనే తన దగ్గరున్న పాత టార్పాలిన్ ఒకటి రిక్షాలో పంపాడు. నాయిన దాన్ని మగ్గాల గది మీద పరిచాడు. ఆ ఏటికి గండం గడిచింది.

నాయిన తాతతో ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. ఎనభైలలో తాత పోయాడు. ఆ ఏడు దసరా ముందు ఎవరూ చెప్పకుండానే నాయిన సైకిల్ బయటికి తీస్తే, నేనూ తమ్ముడూ వెంట వెళ్లి తాళ్లు పట్టుకున్నాం. దాని కోసం ఎవరూ రాలేదు. ఆ విమానంలోని వాళ్లలో ఒక్కరి కబురూ మాకు తెలియలేదు, వాళ్లెంతమందో కూడా తెలియదు. గుడ్డ ఇప్పుడు మా తమ్ముడింట్లో ఉంది. పసుపు పచ్చబడి, మడతల దగ్గర చీలుతోంది. గాలికి నిలబడదు గనుక నీడలో పరిచి మళ్లీ చుట్టేస్తాం.

నాకిప్పుడు మనవరాళ్లున్నారు. పొద్దున్నే పేపర్ చదవడం అలవాటు. లోపలి పేజీలో ఒక మూల, ఎవరో కనబడడం లేదని చిన్న ఫోటో వేస్తారు. ముసలాయనో, చదువుకునే పిల్లో, మతి సరిగా లేని తమ్ముడో. నేను కళ్లద్దాలు సర్దుకుని ఆ ముఖాన్ని నిదానంగా చూస్తాను. కన్నూ ముక్కూ గుర్తుపెట్టుకుంటాను. ఏమో, బజారులోనో బస్సులోనో ఎదురుపడితే పలకరించాలి కదా.