దల్మా కొండ మీద రెండో గ్యాంగు

టాటానగర్‌లో పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేసిన ఏడాది నవంబరులో నాకు మళ్ళీ ఒక సెక్షను, అంటే బాగోగులు చూసే దారి ముక్క, దొరికింది. జీతం లేదు, సలాం కొట్టే ఖలాసీ లేడు. ఊరికి దగ్గర్లోని దల్మా అభయారణ్యంలో పూడిపోయిన ఒక కాలిబాటను సందర్శకుల కోసం బాగుచెయ్యడానికి స్వచ్ఛందంగా రమ్మని అటవీ శాఖవాళ్ళు అడిగితే, మా పాత రైలు మనుషులం ఆరుగురం పేర్లిచ్చాం. పర్మనెంట్ వే అంటే పట్టాలు, స్లీపర్లు, కంకర, వాటి కింది కట్ట, అంటే బండి నడిచే దారి మొత్తం. ఉద్యోగమంతా అదే పని చేసినవాడికి కొండ మీద కాలిబాట ఏపాటి అనుకున్నాను.

మాలో త్రినాథ్ నా దగ్గరే గ్యాంగ్ మేట్‌గా, అంటే పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మెన్‌కు పెద్దగా చేసినవాడు. బర్మామైన్స్‌లో మా వెనక వీధి. టెక్కలి వైపు నుంచి కుర్రతనంలో వచ్చాడు, ఆ యాస ఇంకా పోలేదు. ఇక ఆ కొండలో మా ముక్కకు కాపలా ఫూల్‌మణి అనే అటవీ శాఖ బీట్ గార్డుది. బాట కింది కొస ఆమె ఊరి అంచున, సరిగ్గా వాళ్ళమ్మ ఉండే మట్టింటి దగ్గర ఆగుతుంది.

పాత బాట నిటారుగా బండల మీద నుంచి దిగేది. అది నాకు నచ్చలేదు. రైల్వేలో ప్రతి సెక్షనుకూ ఇంతకు మించి వాలు ఉండకూడదని ఒక హద్దు ఉంటుంది. దాన్ని రూలింగ్ గ్రేడియంట్ అంటాం. అదే లెక్కన కొండ నడుం చుట్టూ మలుపులు తిప్పి, మోకాళ్ళు అరిగినవాడు కూడా ఆయాసపడకుండా ఎక్కే వాలు పెట్టాను. పక్క కాలువలు తవ్వాం. వాగు అడ్డొచ్చిన చోట రాళ్ళు పేర్చి దాటు కట్టాం. అలాంటి బాట ఆ కొండ మీద ఇంకొకటి లేదని ఇప్పటికీ అంటాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం వెళ్ళేసరికి, వారం కిందట మేము వదిలిన పని పూర్తయి ఉంది. ఆరుగురం గునపాలు వేసినా కదలని బండ దిగువకు జరిగింది. మలుపులో తలకు తగిలే కొమ్మలు విరిగి ఉన్నాయి. కత్తి గాటు ఎక్కడా లేదు. మా చెయ్యి అందనంత ఎత్తు వరకు విరిగాయి. మట్టి దిమ్మిస కొట్టినట్టు గట్టిపడింది.

"ఏటి బాబూ ఇది? మన్లేకండా పనయిపోనాది. రెండో గేంగొచ్చి సేసీసినాదేటి?" అన్నాడు త్రినాథ్.

నాలుగడుగులు వేస్తే పేడ కనిపించింది. బెంగాల్ వైపు పోయిన ఏనుగుల మందలు తిరిగొచ్చే కాలం అది. నిజం చెప్పాలంటే మొదట గర్వపడ్డాను. మా వాలును అవీ ఒప్పుకున్నాయి మరి. వారం వారం బాట వెడల్పవుతూ వచ్చింది. ఒక్క ఏనుగూ కంటపడలేదు, చిన్న చప్పుడైనా వినపడలేదు. అయినా పని చేస్తుంటే వీపు మీద ఎవరో చూపు ఆనించినట్టుండేది. పిట్టలు ఉన్నట్టుండి నోరు మూసుకునేవి. అన్నాలు తినేటప్పుడు మేమూ మాటలు తగ్గించాం.

మార్చిలో ఇప్పపువ్వు రాలడం మొదలైంది. ఫూల్‌మణి తల్లి ఆ పువ్వు ఏరి, ఆరబెట్టి, ఇంట్లోనే గంపల్లో దాస్తుంది. ఆ వాసనకు ఏనుగులు గోడలు పడగొట్టి లోపలికొస్తాయి. బాట నిటారుగా ఉన్నన్నాళ్ళు మంద ఆ వైపు దిగలేదు. ఇప్పుడు నా వాలు దాన్ని తిన్నగా ఆమె గుమ్మంలోకి దింపుతుంది. అప్పటికే అడుగులు ఇంటికి కూతవేటు దూరం దాకా వచ్చి వెనక్కి తిరిగాయి. "చాచాజీ, రాస్తా బంద్ కర్ దీజియే," బాట మూసెయ్యండి అంది ఫూల్‌మణి, ఏడుపు ఆపుకుంటూ. తన క్వార్టరుకు రమ్మంటే తల్లి రానంటోందట. నేనూ వెళ్ళి బతిమాలాను. ముసలామె సంతాలీలో ఏదో అంది, కూతురు హిందీలో చెప్పింది: ఏడాది తిండి వదిలి ఎక్కడికీ రాదట. అంత మంచి బాట ఎవరు వెయ్యమన్నారని కూడా అడిగిందట.

వాగు మీద దాటు ఊడదీసి, గట్లు నిలువుగా చెక్కేశాం. మరుసటి ఆదివారం పొద్దున్నే వెళ్తే, రెండు గట్ల మట్టినీ కాళ్ళతో తోసి వాగు పూడ్చేసి ఉంది. మళ్ళీ అదే వాలు.

"మన పని నేర్సీసుకున్నాయి బాబూ," అన్నాడు త్రినాథ్. నవ్వుతూ అనలేదు.

వాగును మళ్ళీ తవ్వడానికి దిగాం. కాసేపటికి అలుపు తీర్చుకుందామని గునపం నేలలో గుచ్చి దాని మీద చెయ్యి వేశాను. గునపం సన్నగా వణుకుతోంది. బండి కనపడకముందే పట్టా మీద చెయ్యి పెడితే తెలిసే వణుకు అది. చప్పుడు మాత్రం లేదు. తలెత్తి చూస్తే, ఎదురుగా వెదుళ్ళ నీడ అనుకున్నదాంట్లో ఒక చెవి కదిలింది. దాని పక్కన ఇంకొకటి. పొద్దుటి నుంచీ మేము వాటి ముందే కబుర్లు చెప్పుకుంటూ తవ్వుతున్నాం. మాకు కాపలాగా వచ్చిన ఫూల్‌మణి వెనక్కి పొమ్మన్నట్టు చెయ్యెత్తింది. పనిముట్లు అక్కడే వదిలి, వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ వచ్చేశాం.

తిరుగు దారిలో అసలు సంగతి తట్టింది. రైల్వేలో బండ్లు తిరిగే లైనును ఊరికే మూసెయ్యం. వంతెన విప్పాలంటే ముందు పక్కన డైవర్షన్ వేసి, బండ్లను అటు మళ్ళించాకే పాతదాని మీద చెయ్యి వేస్తాం. అదే చేద్దామన్నాను.

"ఏనుగులకి డైవర్షనేటి బాబూ? సిగ్నలు కూడా ఎట్టీమంటారేటి?" అన్నాడు త్రినాథ్. అన్నాడే గానీ, పని మొదలైన రోజు అందరికంటే ముందు పార పట్టాడు.

రేంజరు అనుమతితో, ఊరివాళ్ళను కలుపుకుని రోజూ పని చేశాం. వాగుకు ఎగువన బాటకు ఒక పాయ తీసి, అదే వాలుతో కొండ అవతల నీళ్ళుండే చెక్‌డ్యాముకు దింపాం. ఊరి వైపు దిగే బాట మీద ముందు తొలగించిన బండలన్నీ తెచ్చి మళ్ళీ అక్కడే పడేశాం. పని ముగిసిన మూడో రోజు తెల్లవారి ఫూల్‌మణి ఫోను చేస్తే పరుగెత్తాం. రెండు బాటలు విడిపోయే చోట నేలంతా గుండ్రంగా తొక్కి ఉంది. మంద అక్కడ చాలాసేపు నిలబడింది. ఒక్క ఏనుగు జాడ మాత్రం బండల దాకా, ముసలామె ఇల్లు కనిపించే చోటిదాకా దిగి, తిరిగి పైకి వచ్చింది. ఆ తరువాత అన్నీ చెక్‌డ్యాము వైపు పోయాయి.

నాకు తెలిసింది ఇంతే. దారి వేసేవాడు ముందుగా కింది కొస దాకా నడిచి, అక్కడ ఎవరుంటున్నారో చూసి రావాలి. రాకపోకలు మొదలయ్యాక మూయడం మన చేతిలో ఉండదు, మళ్ళించడమే మిగులుతుంది. ఆ బాటను సందర్శకులకు తెరవలేదు. ఫూల్‌మణి తల్లి ఈ ఏడూ ఆ ఇంటి ముందే ఇప్పపువ్వు ఆరబెట్టింది. మేము ఏటా వానలకు ముందు వెళ్ళి డైవర్షన్ పక్క కాలువలు తీసి వస్తాం. బండలు, కొమ్మల జోలికి పోం. ఆ పని మేము వెళ్ళేసరికే అయిపోయి ఉంటుంది.