పనసగిన్నె పిల్ల

చిత్తిరై నెల, ఎండాకాలంలో ఒక ఆదివారం. అప్పుడు మా కోసపాళయం ఇంట్లో ఉన్నవాళ్లు: తాత, అత్త, ఆరేళ్ల నేను. ఈరోజు వడ్రంగి కొట్టు ముందు పచ్చి పనసచెక్క వాసన తగిలి అదంతా గుర్తొచ్చింది.

తాత పచ్చి పనసచెక్కతో, అంచు చుట్టూ తీగ చెక్కి అత్తకో గిన్నె చేశాడు. నాకూ కావాలన్నాను.

"చెక్క యాడుందే?" అన్నాడు.

పచ్చిచెక్క ఒక్కసారిగా ఆరితే పగులుతుందని గిన్నెను చెక్కపొట్టులో కప్పిపెట్టాడు. నాటాడనుకుని నేను చెంబుడు నీళ్లు పోశాను.

"ఏందే ఈ పని?" అత్త అరిచింది.

"మొలిస్తే నాకొకటి కాస్తాది గదా!"

తాత పడీపడీ నవ్వాడు.

మర్నాడు పొద్దున పొట్టు తీస్తే పెద్ద గిన్నె పక్కనే అరచేతంత చిన్న గిన్నె, అంచున అదే తీగ! నేను గంతులేశాను.

"ఇంకో చెంబు పోసుంటే రెండు కాసుండును," అన్నాడు తాత, నిద్రలేని కళ్లు నులుముకుంటూ.