ఎదురింటికి బస్సు

ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతారంటారు గానీ, చదువు మాత్రం ఫ్రీ అంటే ఎవరూ ముట్టుకోరు. తుమ్మపాల దగ్గర ఓ చిన్న ఊళ్లో సర్కారు బడి టీచర్ని నేను. పిల్లలు తగ్గిపోయారు, ఈ ఏడాదీ చేరకపోతే మీ బడిని మూసి పక్క ఊరి బడిలో కలిపేస్తామని పైనుంచి కబురొచ్చింది. చదువు వ్యాపారం కాకూడదని మీటింగుల్లో గొంతు చించుకున్న నేనే, మండుటెండలో గొడుగేసుకుని ఇంటింటికీ అమ్మకానికి బయల్దేరాను.

మొదటి బేరం బడి ఎదురిల్లే. ఆ ఇంటాయన అనకాపల్లిలో ఒక ప్రైవేటు స్కూలు బస్సు డ్రైవరు. కూతురూ ఆ బస్సులోనే వెళ్లేది. ఆయన భార్య నన్ను కుర్చీలో కూచోబెట్టి, మజ్జిగిచ్చి మరీ కడిగేసింది.

"మీ బడికి బస్సుందేటి టీచరమ్మా?"

"గుమ్మం దిగితే బడేనమ్మా. బస్సెందుకు?"

"గుమ్మం దిగితే వచ్చీసేది సదువేటండి? బస్సెక్కాల, టై కట్టాల. అప్పుడే కదా పిల్ల సదువుకుంతందని నలుగురికీ తెలిసేది!"

ఒళ్లు మండింది. వాళ్ల మజ్జిగ తాగాను కాబట్టి ఊరుకున్నాను. మిగతా ఇళ్లలోనూ అదే పాట. బస్సే కదా వీళ్లకి కావాల్సింది అనుకుని, మార్కెట్టుకి బెల్లం దిమ్మలు తోలే ఆటో ఒకటి మాట్లాడి, మేం టీచర్లమే పసుపు రంగు వేయించాం. బళ్లు తెరిచాక ఆ ఆటో పిల్లల్ని ఇళ్ల దగ్గర ఎక్కించుకుని, చెరకు తోటలన్నీ చుట్టి, హారన్ మోగించుకుంటూ మళ్లీ ఊళ్లోకే వచ్చి బడి ముందు దింపేది. సీట్లకున్న బెల్లం నిక్కర్లకి అంటేది, నిక్కర్ల వెంట చీమలు క్లాసులోకొచ్చేవి. అయితేనేం, పిల్లలు పెరిగారు. బడి నిలవడానికి ఇంకొక్కరు తక్కువ, అంతే.

ఓ రోజు పొద్దున్న ప్రైవేటు స్కూలు బస్సు, పిల్లల్ని తేవడానికి బయల్దేరబోతున్న మా ఆటో పక్కనే ఆగింది. ఎదురింటి డ్రైవరు దిగి, కూతురి చెయ్యి పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. పిల్ల మెళ్లో టై అలాగే ఉంది.

"ఫీజు బాకీ ఉందని మా పిల్లని బస్సెక్కించొద్దన్నారండి. బస్సు మాత్రం నేనే తోలాలట."

తక్కువైన ఒక్కరూ దొరికారు, బడి నిలిచింది. ఎగిరి గంతెయ్యాల్సిన దాన్ని, ఆ టై చూసి వెయ్యలేకపోయాను. లాభం కోసం పెట్టిన బడికి ఇది తప్పుగానే తోచదు, అదే నా కడుపుమంట. పిల్లని ఆటోలో బెల్లం తక్కువున్న చోట కూచోబెట్టాను.

"మరి మీకేటివ్వాలండి?"

"ఏమీ అక్కర్లేదు."

ఆయన గొంతు తగ్గించాడు. "ఊరికినే అంటే మా ఆడది ఒప్పుకోదండి. గొప్పగా సెప్పుకోడానికి ఏదైనా ఒకటి సెప్పండి."

"మా ఆటో రేపట్నుంచి రెండు చుట్లు తిరుగుద్దని చెప్పండి," అన్నాను.

ఎదురింటి పిల్ల ఇప్పుడు రోజూ తోటలన్నీ రెండుసార్లు చుట్టొచ్చి, వాళ్ల గుమ్మం ముందే దిగి బడికొస్తోంది.