తిప్పి చూడని అలారం

మా విన్‌స్కోటెన్ ఊళ్లో కాలువ వెనక వీధిలో వుబ్బో టాడెన్ అంటే తెలియనివాళ్లు లేరు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఎనిమిదేళ్లు తీగలతో కుస్తీపట్టి రిటైరైన మనిషి. వయసు డెబ్బై ఒకటి. రిటైరైన మగవాళ్లు మామూలుగా గాలం పట్టుకుని కాలువ గట్టున కూర్చుంటారు, లేదంటే వంటింట్లో పెళ్లానికి అడ్డంపడుతుంటారు. వుబ్బో మాత్రం వార్తల్లో తప్పులు పట్టడం మొదలుపెట్టాడు.

అన్ని వార్తలూ కాదు. రాజకీయాల జోలికి పోడు, ఆటలు చదవడు. టెక్నాలజీ వార్తలు పెట్టే వెబ్‌సైటొకటి ఉంది, అదే ఆయన లోకం. అక్కడ ప్రతి వార్త కిందా తప్పుంటే చెప్పమని ఒక చిన్న బటన్ ఉంటుంది. పొద్దున ఏడింటికి రొట్టె మీద జున్నుముక్క వేసుకుని కూర్చుంటే తొమ్మిదింటికి లేచేవాడు. ఈలోపు కనీసం ఒక విలేకరికైనా చెమటలు పట్టేవి.

ఆ వార్తల మీద ఆయనకున్న అభిప్రాయాలు వీధిలో అందరం విన్నాం, వద్దన్నా వినిపించేవాడు. బ్యాటరీల్లో విప్లవం అని ఆర్నెల్లకోసారి రాస్తారట, ఆర్నెల్లకోసారి వచ్చేది పంటి డాక్టరు పిలుపే తప్ప విప్లవం కాదట. పదిరెట్ల వేగం అంటారు, దేనికంటే పదిరెట్లో చెప్పి చావరట. కంపెనీవాడు పంపిన కాగితానికి చొక్కా మార్చి వార్త అంటారట. తప్పున్న వార్తకంటే అసలు వార్త లేకపోవడమే నయమని ఆయన సిద్ధాంతం. మావాళ్లకు తప్పుని మొహంమీద చెప్పేయడమే మర్యాద, దాచిపెట్టడం అమర్యాద. కాబట్టి ఆయన్ని ఎవరూ ఏమీ అనేవారు కాదు. పైగా ఆయన పంపినవాటిలో నాలుగువందల పైచిలుకు దిద్దుబాట్లు ఆ సైటువాళ్లు ఒప్పుకుని మార్చారు. చెప్పొద్దూ, ఆ గర్వం ఆయన నడకలోనే కనిపించేది.

పోయిన అక్టోబరులో, నలభై ఒకటో వారంలో, ఫెన్నా డ్యూర్స్మా అనే అమ్మాయి ఒక చిన్న వార్త రాసింది. ఇళ్లలో బాయిలర్ సరిగ్గా మండకపోతే రంగూ వాసనా లేని విషవాయువు పుడుతుంది కదా, దాన్ని పసిగట్టి కూసే అలారాల గురించి. ఒక కంపెనీ అలారాలు కొన్ని పాడైనవట, కూయవట, వెనక్కి పంపేయమంటున్నారట. వెనకవైపు 2211 అనిగానీ అంతకంటే తక్కువగానీ నంబరుంటే అది పాడు సరుకు, అంటే 2022 నవంబరు దాకా తయారైనవన్నీ, అని రాసింది.

వుబ్బో ముక్కు చిట్లించాడు. నవంబరేమిటి, మొహం? 2211 అంటే 2022లో పదకొండో వారం, అంటే మార్చి. మా దేశంలో నెలలతో ఎవరు బతుకుతారు గనక! ఇంటికి సున్నం వేసేవాడు పద్దెనిమిదో వారంలో వస్తానంటాడు, బళ్ల సెలవులు వారం లెక్కన, సోఫా కొంటే డెలివరీ ముప్పై నాలుగో వారం. వుబ్బో ఎక్స్ఛేంజీలో విప్పిన ప్రతి పెట్టె మీదా నంబరు వారం లెక్కనే ఉండేది. ఆ అలారం ఎక్కడో తూర్పు దేశపు ఫ్యాక్టరీలో తయారైందనీ, అక్కడివాళ్లకి ఈ వారాల పిచ్చి లేకపోవచ్చనీ ఆయనకు తట్టలేదు. బటన్ నొక్కి రాశాడు.

ఆ అమ్మాయి మర్యాదగానే జవాబిచ్చింది. కంపెనీవాళ్లు ఫోన్లో తనకు నవంబరనే చెప్పారని, అయినా మళ్లీ కనుక్కుంటానని. ఫోన్లో విన్న మాట ఆధారం కాదమ్మా అని వుబ్బో ఒక్క ముక్కలో కొట్టిపడేశాడు. ఆమె పైన ఉన్న ఎడిటరు వుబ్బో పాత దిద్దుబాట్ల లెక్క చూసి ఆయన మాటే తీసుకున్నాడు. సాయంత్రానికి వార్తలో నవంబరు పోయి మార్చి వచ్చింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనడం మామూలే, ఈసారి ఊరంతా కూడా మూడే అంది.

ఆ మర్నాడు పక్కింటి రూలీ వచ్చింది. రూలీకి అరవై ఎనిమిది, ఆరేళ్లనాడు భర్త డెర్క్ పోయినప్పటినుంచి ఒంటరిగానే ఉంటోంది. పొరుగువాడికి పొరుగువాడే దిక్కనేది మావైపు పాత కట్టుబాటు, డెర్క్ శవపేటికను మోసినవాళ్లలో వుబ్బో ముందువరసలో ఉన్నాడు. ఆ రోజు రూలీ చేతిలో అలారం ఉంది. నిన్న పొద్దున్న వార్త చూసి, స్టూలెక్కి ఊడదీసిందట. హార్లెంలో ఉన్న కూతురు హిల్యెకి ఫోన్ చేసి, తీసేశానమ్మా అని కూడా చెప్పిందట. దీన్ని చెత్తలో వేయాలా, పోస్టులో పంపాలా అని అడగడానికి వచ్చింది.

వుబ్బో నవ్వాడు. ఆ అలారం ఆయన కొన్నదే. 2022 సెప్టెంబరులో ఒకటి కొంటే ఒకటి ఉచితం అని పెడితే, ఒకటి తన ఇంటికి ఉంచుకుని రెండోది రూలీకి ఇచ్చాడు.

"మార్చి దాకా తయారైనవే పాడు. మనం కొన్నది సెప్టెంబరులో. నిక్షేపంలా ఉంది, పద, పెట్టేస్తాను," అన్నాడు.

వాళ్లింటికి వెళ్లి, నిచ్చెనెక్కి, మెట్ల దగ్గర పైకప్పుకి బిగించి దిగాడు. బటన్ నొక్కితే కీచుమంది కూడా. ఆ బటన్‌కీ లోపల వాయువును పసిగట్టే ముక్కకీ సంబంధం లేదని ఆయనకు తెలియకపోలేదు. వెనక్కి తిప్పి నంబరు మాత్రం చూడలేదు. చూడాల్సిన పనే లేదనుకున్నాడు. దుకాణంలో సరుకు ఆర్నెల్లు మగ్గుతుందని కూడా ఆలోచించలేదు. లోకంలో ఎవరు ఏ సున్నా ఎక్కువ పెట్టినా పట్టుకునేవాడు, చేతిలో ఉన్న అరచేయంత వస్తువుని తిప్పి చూడలేదు. అదేం ఖర్మో.

నలభై ఆరో వారంలో చలి ఒక్కసారిగా ముదిరింది. బుధవారం పొద్దున తొమ్మిదిన్నరైనా రూలీ ఇంటి పరదాలు తెరుచుకోలేదు. మా వీధిలో ఎనిమిది దాటాక పరదా మూసి ఉందంటే ఊరెళ్లారనో, పోయారనో అర్థం. వుబ్బో భార్య ఆల్ట్యె అది చూసి తాళంచెవి తీసుకుని పరిగెత్తింది, వెనకే వుబ్బో. రూలీ మెట్ల కింద పడి ఉంది. తలుపులన్నీ బార్లా తీసి, ఇద్దరూ కలిసి ఆమెని తోటలోకి ఈడ్చుకొచ్చారు. అంబులెన్సు వచ్చేసరికి ఊపిరి ఆడుతోంది.

పైన అలారం చిన్న పచ్చదీపం వెలిగించుకుని నిశ్శబ్దంగా ఉంది.

బాయిలర్ సరిగ్గా మండక ఇల్లంతా విషవాయువు నిండిందని తేల్చిన అగ్నిమాపకంవాళ్లు అలారాన్ని ఊడదీసి వెనక చూశారు. 2207. వుబ్బో గేటు దగ్గరే నిలబడి విన్నాడు. ఇంటికి వెళ్లి తనది దించి చూశాడు. 2207. ఒకే పెట్టెలోవి మరి. నెల లెక్కన చూసినా పాడు సరుకే, తన వారం లెక్కన చూసినా పాడు సరుకే. ఒక్కసారి తిప్పి చూసుంటే చాలు, ఏ లెక్కా అక్కర్లేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితితొట్లో పడిందంటే ఇదే. కానీ తొట్లో పడింది ఆయన కాదు, రూలీ.

ఆ సాయంత్రమే సైటుకి రాశాడు. ఆధారమేదీ లేకుండా దిద్దించడం తన తప్పని, ఫెన్నా రాసిందే నిజం కావచ్చని, వెంటనే మార్చమని. రెండు రోజుల్లో కంపెనీ కూడా నవంబరే అని రాతపూర్వకంగా చెప్పింది. ఫెన్నా నుంచి ఒక చిన్న ఉత్తరం వచ్చింది, తప్పు ఒప్పుకున్నందుకు థాంక్స్, అందరూ ఒప్పుకోరు అని. ముఖం తెలియని ఆ పిల్లకి చెప్పడం ఎంత తేలికైందో! గోడ అవతలి మనిషికి చెప్పడానికి మాత్రం నోరు పెగల్లేదు.

ఎందుకంటే ఈలోపు ఆస్పత్రిలో ఒకటి జరిగింది. రూలీ బతికింది, కానీ ఆ విషవాయువు గత కొన్ని వారాల జ్ఞాపకాల్ని చెరిపేసింది. హిల్యె తల్లిని నిలదీసింది. తీసేశానని ఫోన్లో చెప్పావు కదమ్మా, మరి పైన ఎలా ఉంది? ఎవరు పెట్టారు? రూలీకి గుర్తులేదు. నేనే పెట్టుంటాను, ఇంకెవరు పెడతారు అంది. పాడైందని తెలిసి, తీసి, మళ్లీ తనే పెట్టి మరిచిపోయే మనిషిని ఒంటరిగా ఎలా వదలనని హిల్యె భయపడింది. భయం న్యాయమైనదే. హార్లెంలో ముసలివాళ్ల వసతి గృహానికి దరఖాస్తు పెట్టింది. రూలీ ఆ ఇంట్లో నలభై నాలుగేళ్లుగా ఉంటోంది.

వుబ్బో ఒక్క మాట చెబితే ఆ దరఖాస్తు చిరిగిపోతుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు. చెప్పలేదు. మర్నాడు చెబుదామనుకున్నాడు, ఆ మర్నాడూ అదే అనుకున్నాడు. పైగా వీధిలో అందరూ రూలీ ప్రాణం కాపాడిన మనిషని భుజం తడుతుంటే తేలుకుట్టిన దొంగలా ఉండేవాడు. మన అలారం ఎందుకు మార్చావని ఆల్ట్యె అడిగితే పాతబడిందన్నాడు. సైటు తెరవడం మానేశాడు. అందులో ఎవడు ఏ తప్పు రాసినా చెప్పే మొహం తనకు లేదనిపించింది.

రూలీ ఇంటికొచ్చాక రోజూ పదిన్నరకి ఆమె దగ్గరికి కాఫీకి వెళ్లేవాడు, ఈసారైనా చెప్పాలని. ఆమె ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుంది. పొయ్యి కట్టేశాను, మందు వేసుకున్నాను, వెనక తలుపు వేశాను, అని గంటలతో సహా రాసుకునేది. ఒకసారి వుబ్బోకి కాఫీ ఇచ్చి, కూర్చుని, మళ్లీ లేచి వెళ్లి పొయ్యి చూసి వచ్చింది.

"డెర్క్ వాళ్లమ్మకీ ఇలాగే మొదలైంది వుబ్బో," అంది మెల్లగా. "మొదట చిన్న చిన్నవే మరిచిపోయేది."

ఆయన కప్పులోకి చూస్తూ, బిస్కెట్ నముల్తూ కూర్చున్నాడు.

నలభై తొమ్మిదో వారంలో శనివారం రూలీ పుట్టినరోజు. గదిలో కుర్చీలన్నీ గుండ్రంగా వేశారు. వచ్చినవాళ్లు ఆమెకే కాదు, కూతురికి, పొరుగువాళ్లకి, కుర్చీ కుర్చీకీ వెళ్లి చేయి కలిపి శుభాకాంక్షలు చెప్పి కూర్చున్నారు. కేకు తిన్నారు, కాఫీ తాగారు. హిల్యె లేచి, జనవరిలో అమ్మకి గది దొరికిందని చెప్పింది. రెండో వారంలో మకాం మారుస్తున్నామంది. అందరూ మంచి పని అన్నారు. రూలీ తలూపింది. కిటికీలో ఉన్న తన పూలకుండీలకేసి చూసింది, అవన్నీ ఆ కొత్త గదిలో పట్టవు.

"నేను ఒప్పుకున్నాను," అంది. "నామీద నాకే నమ్మకం లేదు. హిల్యెని ఏమనగలను?"

వుబ్బో పళ్లెం కింద పెట్టాడు.

"హిల్యె, ఆ అలారం పైన పెట్టింది మీ అమ్మ కాదు, నేను," అన్నాడు.



"మీరా బాబాయ్?" అంది హిల్యె.

"నేనే. మీ అమ్మ ఊడదీసి నా దగ్గరికి తెచ్చింది. పర్లేదని నేనే నిచ్చెనెక్కి బిగించాను. వెనక నంబరు చూడలేదు. వార్తలో నెల తప్పుగా మార్పించింది కూడా నేనే. మీ అమ్మ చేయాల్సిందంతా సరిగ్గానే చేసింది."

ఆల్ట్యె మొగుడికేసి తిరిగి చూసింది. రూలీ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందనుకున్నారు. చేతులు తీస్తే మొహమంతా వెలుగుతోంది.

"అంటే నాకు మతి పోలేదు," అంది. కూతురి చేయి పట్టుకుని ఊపింది. "విన్నావుటే? నాకు మతి పోలేదు. నేను పెట్టలేదు!"

హిల్యె తల్లిని కావలించుకుంది. జనవరి సంగతి మళ్లీ ఆలోచిద్దాం లేమ్మా అంది. వుబ్బోకి మూడు వారాలకు పైగా గుండెమీదున్న బండరాయి కొంచెం కదిలినట్టైంది. తిడతారు, తిట్టనీ అనుకున్నాడు. ఇక చెప్పేశాను కదా అనుకున్నాడు.

రూలీ కళ్లు తుడుచుకుని ఆయనవైపు తిరిగింది.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"నిన్ను తీసుకెళ్లిన రోజే."

"రోజూ వచ్చి ఇక్కడే కూర్చున్నావు కదా."

"అవును."

"నేను పుస్తకంలో రాసుకోవడం చూశావు. లేచి లేచి పొయ్యి చూసుకోవడం చూశావు."

"చూశాను," అన్నాడు.

ఆమె గొంతు పెంచలేదు. మావాళ్లు చెప్పాల్సింది ఎలా చెబుతారో అలాగే చెప్పింది, ఎదురుగా, మొహంమీద.

"అలారం పెట్టడం పొరపాటు. అది ఎవరికైనా జరుగుతుంది, దానికి నిన్నేమీ అనను. నాకు పిచ్చెక్కుతోందని నేను నమ్ముతుంటే నా కాఫీ తాగుతూ చూస్తూ కూర్చున్నావు. అది పొరపాటు కాదు వుబ్బో."

వుబ్బో నోరు తెరిచాడు. ఆమె చెప్పినదాంట్లో దిద్దడానికి ఆయనకు ఒక్క ముక్క కూడా కనపడలేదు.