కనుమ ఎక్కిన కాళ్ళు

రైల్వేలో పనిచేసేవాళ్ళకు ఏటా పాసులిస్తారు. పలాసలో నాతోటి వాళ్ళు ఆ పాసుల మీద కాశీ వెళ్ళేవారు, పిల్లలకు ఢిల్లీ చూపించేవారు. నేను మాత్రం సైకిల్ని బ్రేక్‌వ్యానులో వేయించుకుని కొండలున్న చోటికి పోయేవాణ్ణి, ఒక్కణ్ణే. "కొండలెక్కాలంటే మందస దగ్గర నేవేటి?" అని ఆఫీసులో ఆటపట్టించేవారు. మందస కొండలు నాకు ఎప్పుడో పాతబడిపోయాయి. రెండువేల దశకం చివర్లో, ఒక కార్తీకంలో, నేపాల్ పోదామనుకున్నాను. పరాయి దేశమే అయినా మనకు వీసా అక్కర్లేదు. రక్సౌల్ దాకా రైల్లో పోయి, అక్కడి నుంచి సరిహద్దు తొక్కుకుంటూ దాటొచ్చు. అవతల హెటౌడా అనే ఊరు దాటాక సింభంజ్యాంగ్ కనుమ మీదుగా పాత రోడ్డొకటి ఉంది. దాని గురించి విన్నప్పటి నుంచీ నాకు నిద్ర లేదు.

ఆ యేడు నేను ఇల్లు కదలకుండా ఉండాల్సిందని ఎవరైనా అంటారు. నేనూ అదే అనుకున్నాను. వెళ్ళమని తరిమింది మా అప్ప.

మా వైపు అక్కను అప్ప అంటాం. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. పలాస జీడి ఫ్యాక్టరీలో పిక్కలు ఒలుస్తూ నన్ను చదివించింది. పెళ్ళయి ఉద్దానంలోనే ఇంకో ఊరికి వెళితే నేనూ వెంట వెళ్ళాను. బావ కొబ్బరికాయలు వేసుకెళ్ళే సైకిలు మీదే, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, తొక్కడం నేర్చుకున్నాను. ఆ అప్పకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. డయాలసిస్ కోసం వారానికి రెండుసార్లు విశాఖపట్నం రైలెక్కేది. మా ఉద్దానంలో ఇది వింతేమీ కాదు. అమ్మ కూడా కాళ్ళు పొంగి, మొహం పొంగి పోయింది. అప్పటికి ఆ జబ్బుకు ఒక పేరుందని కూడా మాకు తెలియదు.

ఎవరైనా కిడ్నీ ఇస్తే అప్ప బతుకుతుందన్నారు. బావ రక్తం గ్రూపు కలవలేదు. నాది కలిసింది. మిగతా పరీక్షల కోసం రక్తం, మూత్రం ఇచ్చి వచ్చాను. ఫలితాలు కొన్ని రోజుల్లో వస్తాయన్నారు. వాటి మీద నాకు ఏ బెంగా లేదు. మా ఊళ్ళో ఒంటిని పరీక్షించుకునే పద్ధతి ఒకటుంది. కొబ్బరిచెట్టు ఎక్కి దిగగలిగితే మనిషి బాగున్నట్టే. రక్తం తీసేవాళ్ళు వ్యానులో వస్తే మగాళ్ళు తోటల్లోకి తప్పుకునేవారు. "నిన్ననే సెట్టెక్కినాను, నాకేటి రోగం?" అనేవారు. చదువుకున్నవాణ్ణి గదా, నేను నవ్వేవాణ్ణి. లోపల నాదీ అదే నమ్మకం. చెట్టుకు బదులు సైకిలు, అంతే తేడా.

"ఆపరేషనయితే నిన్ను సైకిలు ముట్టనివ్వరంట గదరా. ఇప్పుడే ఎల్లొచ్చీ" అంది అప్ప.

"నిన్నిలగొదిలీసి ఎలగెల్తానే?"

"నువ్విక్కడ కూకుని నా మొకం సూత్తే నా కిడ్నీలు బాగయిపోతాయేటి?"

ఆ రోజు నాకోసం ఎండు నెత్తళ్ళు, వంకాయ కలిపి వండింది. తను తినకూడదు. పొయ్యి పక్కన చిన్న గిన్నెలో ఉప్పు వేయని కూర తనకు వేరే ఉండేది. రుచి చూద్దామని అందులోంచి కాస్త తీసి నాలిక మీద వేసుకున్నాను. "గడ్డి నయం" అన్నాను. అప్ప నవ్వి గిన్నె మీద మూత పెట్టేసింది.

హెటౌడా నుంచి ఎక్కుడు మొదలైతే ఇక ఆగదు. మలుపు తర్వాత మలుపు. రోడ్డు పక్కన గొట్టాల్లోంచి ఊటనీళ్ళు ధారగా పడుతుంటే ఆడవాళ్ళు బిందెలు పట్టుకుంటున్నారు. నేను పట్టుకోలేదు. కింద కొన్న సీసాలన్నీ మోసుకుంటూ ఎక్కాను. మా జబ్బుకు నీళ్ళే కారణమని కొందరంటారు, కాదని కొందరు, సరిగ్గా ఎవరికీ తెలియదు. ఎక్కడికెళ్ళినా ఏ నూతి నీళ్ళని అడిగాకే గ్లాసు అందుకోవడం మాకు అలవాటు. ఆ బరువుతోనే ఎక్కాను, రొప్పుతూ, సంతోషంగా. ఒక్కో మలుపు దాటినప్పుడల్లా అప్పకు నేనివ్వబోయేది ఇంకాస్త గట్టిదని తేలుతున్నట్టు ఉండేది. "సూసినావా అప్పా, సరుకు మంచిదే" అని పైకే అనుకున్నాను. వినడానికి దేవదారు చెట్లు తప్ప ఎవరూ లేరు.

కనుమ ఇంకాస్త పైన ఉందనగా ఒక టీ కొట్టు వచ్చింది. అందులో ఫోనుంది. బావకు చేశాను.

"ఎక్కడున్నావు?" అన్నాడు బావ.

"కొండమీద. రిజల్టు వచ్చిందా?"

"తిన్నావా?"

"తిన్నాను. రిజల్టు సెప్పు బావా."

"నీది పనికిరాదంట్రా" అన్నాడు.

"కలవనేదా?"

"కలవడం కాదు. నీకూ మొదలయిందంట. నిన్ను తొందరగా తీసుకురమ్మన్నాడు డాక్టరు."

"అప్పకు తెలుసా?"

"పక్కనే ఉంది."

"ఇప్పుడే బయల్దేరి వచ్చీనా?"

"వచ్చి ఏటి సేత్తావు?" అన్నాడు బావ. కోపం లేదు ఆ గొంతులో. నిజంగానే అడుగుతున్నాడు. "నిదానంగానే రా."

కొట్టు ముందు బల్ల మీద కూలబడ్డాను. ఒంట్లో ఎక్కడా నొప్పి లేదు. ఊపిరి సర్దుకుంది. కాళ్ళు ఇంకా ఎక్కడానికి సిద్ధంగానే ఉన్నాయి. ఆ కాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ నన్ను మోసం చేసి మోశాయి. కొట్టు నడిపే ఆవిడకు నా భాష రాదు, ఆవిడ భాష నాకు రాదు. నా మొహం చూసి చెంబుతో నీళ్ళు తెచ్చి పెట్టింది. ఏ నీళ్ళని అడగలేదు. చెంబు ఖాళీ చేసి ఇచ్చాను.

పైకి వెళ్ళలేదు. సైకిలు తిప్పాను. దిగుడంటే మామూలుగా నాకు పండగ. ఆ రోజు బ్రేకులు పట్టీ పట్టీ వేళ్ళు తిమ్మిరెక్కాయి గానీ ఒక్కసారి కూడా పెడలు తొక్కాల్సిన పని పడలేదు. ఏదో ఒకటి చెయ్యాలని ఒళ్ళంతా కొట్టుకుంటోంది, చెయ్యడానికి ఏమీ లేదు. ఎవర్ని తిట్టాలో తెలియలేదు. నీళ్ళనా, మట్టినా, అమ్మనా? దారంతా ఏడుస్తూనే దిగాను, ఎదురొచ్చే లారీల వాళ్ళు చూస్తున్నా మానలేదు.

ఇంటికి చేరేసరికి బావ అరుగు మీద ఉన్నాడు. సైకిలు అందుకుని గోడకు చేరేశాడు గానీ నా మొహంలోకి చూడలేదు. అప్ప లోపలి నుంచి వచ్చింది. పాదాలు బాగా పొంగి ఉన్నాయి. తిడుతుందో ఏడుస్తుందో అని భయపడ్డాను.

"ఎండిపోనావురా. తానం సేసిరా, తిందువు" అంది.

నేను కూర్చునేసరికి ఎండు నెత్తళ్ళ వాసన ఇల్లంతా నిండింది. అప్ప బావకు వడ్డించింది. నా కంచంలో అన్నం పెట్టి, కూర కోసం పొయ్యి పక్కకు తిరిగింది. అక్కడ ఆ చిన్న గిన్నె లేదు. దాని చోట పెద్ద గిన్నె ఉంది.

"డాక్టరు నాకింకా ఏటీ సెప్పనేదు గదే అప్పా" అన్నాను.

"సెప్తాడు. ఈలోగా అలవాటవ్వాల గదా."

అందులోంచి ముందు నాకు వేసింది, తర్వాత తను వేసుకుని నా పక్కనే కూర్చుంది. నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా తను కలపలేదు.

"గడ్డి నయమా?" అంది.

ముద్ద మింగి, ఇంకాస్త వెయ్యమన్నాను.