మోకాలికి నాయనమ్మ ఊపిరి

తమ్ముడు నూజివీడు నుంచి తెచ్చిపెట్టిన చిన్నరసాలు కిటికీలో మాగుతున్నాయి. మోకాలి మార్పిడి ఆపరేషనై ఇంటికొచ్చిన నాకు, మందుల వాసన మీద ఆ తీపి వాసన గెలవడమే ఓదార్పు. ఫిజియోథెరపీ అమ్మాయి మాత్రం కాలు వంచమంటుంది. ఇప్పుడు వంచకపోతే మోకాలు అలాగే బిగుసుకుపోతుందట.

"ముక్కుతో పీల్చి, నోటితో మెల్లగా వదలండి ఆంటీ. వదిలేటప్పుడే వంచండి."

నొప్పి రాగానే ఊపిరి బిగబడతాను. కాలు కూడా నాలాగే మొండికేస్తుంది.

నిన్న ఆ వాసనే నన్ను మా పాత ఇంటి కాయల గదిలోకి లాక్కుపోయింది. వేసవి వస్తే మా పడకలు వసారాలోకి మారేవి, గది మామిడికాయలదయ్యేది. నేల మీద మందంగా వరిగడ్డి, దాని మీద సొన ఆరిన కాయలు, మళ్లీ గడ్డి. తలుపు తీస్తే ఎండుగడ్డి వేడీ పండు తీపీ కలిసి ముఖాన కొట్టేవి. నాయనమ్మ గడ్డిలో చతికిలబడి, ఒక్కో కాయనూ బుగ్గకానించి చూసి, మాగినవి బుట్టలోకి, మచ్చ పడ్డవి తాండ్రకి వేరుచేసేది; పగిలినవి పిల్లల వాటా. లేచేటప్పుడు మాత్రం, అరిగిన మోకాళ్ల మీద చేతులానించి "రా...మా..." అని సాగదీసేది.

మా నాన్న ఊరూరా సభల్లో దేవుడు లేడని వాదించి వచ్చే మనిషి.

"అమ్మా, రాముడొచ్చి లేపుతున్నాడా?"

"నువ్వు చెయ్యివ్వవు గదరా, ఉపన్యాసమిస్తావు. అందుకే ఆయన్ని పిలుస్తున్నా."

నాన్న బిడ్డనైన నేను ఒకరోజు గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను, దేవుడి పేరెత్తకుండా లేస్తేనే బయటికి పోనిస్తానని.

"ఓసి నీ తెలివి! సరే, నీ తిండి పేరే చెబుతా," అని నాయనమ్మ "చిన్న...రసా...లూ..." అంటూ లేచింది. రాముణ్ని పిలిచినప్పటిలాగే లేచింది. నాన్న నవ్వి నవ్వి వసారాలో కూలబడితే, "ఇప్పుడు నువ్వు లే నాయనా, ఏ పేరుతో లేస్తావో చూస్తా," అంది.

పేరులో మహిమ లేదని ఇవాళ కూడా ఎవరితోనైనా వాదిస్తాను. ఆమెను లేపింది పేరు కాదు, సాగదీసి వదిలిన ఊపిరి. అది నొప్పిని మాయం చెయ్యదు. బిగుసుకున్న ఒంటిని కాస్త వదులు చేస్తుంది, అంతే.

నిన్న కాలు పట్టుకుని "చిన్న...రసా...లూ..." అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, మోకాలు మాత్రం వంగింది.

"ఈసారి పెద్దరసాలు అనండి ఆంటీ, ఇంకొంచెం వంగుద్దేమో!" అంది అమ్మాయి, నవ్వుతూ.

మా కాయలిప్పుడు చెట్టు దిగిన రోజే ప్లాస్టిక్ ట్రేలలో లారీ ఎక్కుతున్నాయి. గదిలో గడ్డి పరిచేవాళ్లు లేరు. పెద్దరసాల చెట్లు కొట్టేసి తమ్ముడు జామాయిల్ తోట వేశాడు. అయినా ఆ చెట్ల పేరు పొడవునా ఊపిరి వదిలాను.